నంద్యాల చుట్టుపక్కల మూడు రోజులు: పిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కూకట్‌పల్లి కోడలు

అందరికీ నమస్కారం. సంక్రాంతి రద్దీ తగ్గాక మూడు రోజులు సెలవు పెట్టుకుని హైదరాబాద్ నుంచి సొంత కారులో నంద్యాల వైపు వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అత్తయ్య. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. నేల చదునుగా ఉంటే అరగంటైనా నడుస్తారు, మెట్లయితే పది ఎక్కేసరికి ఆగిపోతారు. తన వల్ల మా ప్రయాణం పాడవుతుందేమో అని "నేను రూమ్‌లోనే ఉంటాలే, మీరు వెళ్లి రండి" అంటారు, అది నాకు అస్సలు ఇష్టం లేదు.

మా వారు ఫోన్‌లో ఒక లిస్టు రాసిపెట్టారు. ఓర్వకల్లు రాళ్లవనం, బెలుం గుహలు, యాగంటి, మహానంది, అహోబిలం, గండికోట, రోళ్లపాడు, సంగమేశ్వరం. ఇన్నీ మూడు రోజుల్లోనే. అది చూస్తేనే నాకు టెన్షన్. పిల్లలకి ఆరుబయట పరిగెత్తే చోటు కావాలి, అత్తయ్యకి నీడలో కూర్చుని చూసేందుకు ఏదో ఒకటి ఉండాలి, రోజులో సగం కారులోనే గడిచిపోకూడదు. ఏ ఊళ్లో దిగితే మంచిది? వీటిలో ఏవి తీసేయొచ్చు? ఆడవాళ్లకి బాత్రూమ్‌ల సంగతి కూడా తెలిసినవాళ్లు కాస్త నిజం చెప్పండి. ఆ వివరం ఎవరూ రాయరు, మాకు మాత్రం అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే.

కుందూ ఒడ్డు

అమ్మా, మూడు రాత్రులైనా రెండు రాత్రులైనా నంద్యాలలోనే దిగండి, రోజుకో ఊరు మారొద్దు. పెట్టెలు సర్దడానికీ రూమ్ వెతుక్కోవడానికీ పోయే టైమ్‌లో ఒక చోటు నిదానంగా చూడొచ్చు. పెద్దావిడకి కూడా రోజూ అదే మంచం, అదే బాత్రూమ్ అయితే ధైర్యంగా ఉంటుంది. లిస్టులోంచి సంగమేశ్వరం ఇప్పుడే కొట్టేయండి, జనవరిలో ఆ గుడి శ్రీశైలం జలాశయం నీళ్లలో ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గితేనే బయటపడుతుంది. ఎగువ అహోబిలం కూడా ఈసారికి వద్దు, అక్కడ నవ నారసింహుల్లో చాలా గుళ్లకి కొండల్లో నడవాలి, జ్వాలా నరసింహస్వామి దగ్గరికైతే వాగు పక్కన రాళ్ల మీద ఎక్కాలి. మీ అత్తయ్య కింద కూర్చుని ఎదురుచూడాల్సి వస్తుంది, మీరు వద్దనుకుంటున్నది అదే కదా.

మొదటి రోజు పొద్దున్నే హైదరాబాద్‌లో బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి కర్నూలు. ఊళ్లో కొండారెడ్డి బురుజు రోడ్డు మీదే ఉంది, ఒక పది నిమిషాలు చూసి కదలండి. ఓర్వకల్లు కర్నూలు నుంచి నంద్యాల వచ్చే హైవే పక్కనే, మీకు దారిలోనే తగులుతుంది. కానీ అక్కడికి మాత్రం మధ్యాహ్నం మూడున్నర, నాలుగు లోపు వెళ్లకండి. రాళ్లన్నీ వేడెక్కి ఉంటాయి, నీడ తక్కువ. ఎండ వాలాక వెళ్తే ఆ చోటు అందమే వేరు. పగుళ్లు విచ్చిన పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి, మధ్యలో నీటి మడుగు, ఆ నీళ్లలో ఎర్రబడిన రాళ్ల నీడ. చాలామంది గేటు దగ్గర ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరలా చేయకండి, లోపల కాలిబాట వెంట నడిస్తేనే రాళ్ల మధ్య సందులు, గుహల్లాంటి చోట్లు కనిపిస్తాయి. పిల్లలు దాగుడుమూతలు ఆడతారు. మెట్లు ఎక్కి దిగే చోట్లు ఉన్నాయి, అత్తయ్యని మాత్రం మడుగు దగ్గర చదునుగా ఉన్న చోట కూర్చోబెట్టండి, అక్కడి నుంచి సగం వనం కనిపిస్తుంది. చీకటి పడేలోపు మూసేస్తారు కాబట్టి దారిలో టీల కోసం ఎక్కువసేపు ఆగకండి.

మహానంది విషయం. నంద్యాల నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు అంతే, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అని అందరూ పది, పదకొండింటికి బయలుదేరతారు. నా మాట విని తెల్లారకముందే వెళ్లండి. కోనేట్లోకి నీళ్లు గర్భగుడిలో లింగం కింది ఊట నుంచి వస్తాయి, ఏడాది పొడవునా ఆ ధార ఆగదు. అడుగున పడిన నాణెం మీద బొమ్మ కూడా కనిపించేంత తేటగా ఉంటాయి. చలికాలం పొద్దున ఆ నీళ్లలో దిగితే గోరువెచ్చగా ఉంటాయి. మీ పాపకి లోతు చూసుకోండి, పెద్దవాళ్లకి ఛాతీ దాకా వస్తాయి, చంకనెత్తుకుని దింపాలి. అత్తయ్య అంచు మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటే చాలు. గుడి బయటికొచ్చాక ఆ నీళ్లే కాలవల్లో అరటితోటలకి వెళ్తాయి, ఆ గట్టు వెంట కాస్త నడవండి, పిల్లలకి గుడి కన్నా అదే ఎక్కువ గుర్తుంటుంది. కోతులున్నాయి, అరటిపళ్లు, ప్లాస్టిక్ కవర్లు చేతిలో పట్టుకుని తిరగొద్దు.

బాత్రూమ్‌ల సంగతి అడిగారు. మహానందిలో ఉన్నాయి, పొద్దున్నే అయితే శుభ్రంగా ఉంటాయి. ఓర్వకల్లులో టూరిజం వాళ్ల హోటల్ ఉంది, లోపలికి వెళ్లేముందే అక్కడ పని చూసుకోండి. బెలుంలో టికెట్ కౌంటర్ దగ్గర ఉంటాయి, గుహ లోపల ఉండవు.

బనగానపల్లె బిడ్డ

పైన అన్న చెప్పిన దాంట్లో నేను మార్చేదేమీ లేదు, బెలుం, యాగంటి మా వైపు కాబట్టి ఆ రెండూ రాస్తాను.

రెండో రోజు మొత్తం దీనికే ఇవ్వండి. నంద్యాల నుంచి బనగానపల్లె, అక్కడి నుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం. దారిలో పొలాల గట్లకి, ఇళ్ల చుట్టూ నిలువుగా పాతిన నాపరాళ్లు కనిపిస్తాయి. మీ బాబుకి అవి చూపించి పెట్టుకోండి. ఎందుకంటే మీరు దిగబోయే గుహ కూడా అలాంటి సున్నపురాయిలో నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి తొలిచిందే. ఈ సంగతి ముందే చెబితే లోపల వాడు గోడ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. గోడలు మడతలు మడతలుగా నున్నగా ఉంటాయి, నీళ్లు ఎటు నుంచి ఎటు పోయాయో వేలితో గీసుకుంటూ వెళ్లొచ్చు.

పేరుకి 3229 మీటర్ల గుహ, జనం తిరగడానికి తెరిచింది అందులో సగం లోపే, ఒకటిన్నర కిలోమీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, తర్వాత వందేళ్ల దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1982, 83 ప్రాంతంలో గెబౌర్ అనే ఆయనతో జర్మన్ల బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. సందర్శకులకి తెరిచింది 2002లో. బయట ఉన్న పెద్ద బుద్ధుడి విగ్రహం ఊరికే పెట్టింది కాదు, ఒకప్పుడు బౌద్ధ, జైన సన్యాసులు ఈ గుహల్లో ఉన్నారు.

ఇప్పుడు మీ అత్తయ్య సంగతి. పైనుంచి బావిలా కనిపించే గోతిలోకి మెట్లు దిగాలి, తిరిగి అవే ఎక్కాలి. దిగడం ఆగి ఆగి దిగొచ్చు, ఎక్కడమే కష్టం. లోపల చాలా దూరం నేల బాగానే ఉంటుంది, దీపాలున్నాయి, కొన్ని చోట్ల తల వంచుకుని నడవాలి. అసలు ఇబ్బంది ఉక్క. గాలి కోసం గొట్టాలు పెట్టారు కానీ జనం ఎక్కువైతే చొక్కా తడిసిపోతుంది, బీపీ ఉన్నవాళ్లకి ఆయాసం వస్తుంది. అందుకే గేటు తెరిచే పదింటికల్లా అక్కడ ఉండండి, మొదటి గంటలో లోపల చల్లగా, మాట వినపడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఆవిడ సరే అంటే మొదటి పెద్ద గది దాకా తీసుకెళ్లి అక్కడే కాసేపు కూర్చోబెట్టండి, ఇంకా లోపలికి మీరిద్దరూ వంతులవారీగా పిల్లలతో వెళ్లిరండి. పాతాళగంగ దాకా ఆవిడ వద్దు, ఆ మెట్లు నిటారు, తడి కూడా ఉంటుంది, అది ఉపరితలం నుంచి 46 మీటర్ల లోతు. బాబుకైతే తప్పక చూపించండి, అంత లోతున ఒక నీటిపాయ రాళ్ల కిందికి దూరిపోతూ ఉంటుంది. సప్తస్వరాల గదిలో పైనుంచి వేలాడే రాతి కొనల్ని కొట్టి మోగించడం చాలామందికి సరదా, దయచేసి పిల్లల్ని కొట్టనివ్వకండి, దెబ్బలు తిని తిని విరిగిన కొనలు చూస్తే మాకు కడుపు మండుతుంది. ఆ కొనలు మళ్లీ పెరగాలంటే మనుషుల లెక్కలో అయ్యే పని కాదు.

తిరుగుదారిలో అవుకు రిజర్వాయరు కట్ట మీద ఆగి తెచ్చుకున్న భోజనం తినండి. సాయంత్రానికి యాగంటి. కోనేట్లోకి నంది నోట్లోంచి నీళ్లు పడుతుంటాయి, చుట్టూ ఎర్రటి కొండ గోడలా నిలబడి ఉంటుంది, అత్తయ్యకి అదే పెద్ద దర్శనం. అగస్త్య గుహకి మెట్లు చాలా నిటారు, అది పిల్లల తండ్రికి వదిలేయండి. నంది మాత్రం అందరూ చూడొచ్చు. అది పెరుగుతోందని మా నమ్మకం, మా తాతగారి తరం దాని చుట్టూ ప్రదక్షిణ చేశామని చెప్పేవాళ్లు, ఇప్పుడు స్తంభానికీ నందికీ మధ్య మనిషి పట్టడు. ఇంకో మాట, యాగంటిలో కాకి కనపడదంటారు, అగస్త్యుడి శాపమని కథ. మీ పిల్లలకి ఆ కథ చెప్పి కాకిని వెతకమనండి, గంటసేపు ఆకాశం చూస్తూ తిరుగుతారు.

గడ్డినేల

రోళ్లపాడు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఇది నందికొట్కూరు వైపు, 1988లో బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే పెట్టిన అభయారణ్యం. చెట్లు దట్టంగా ఉంటాయనుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు, ఇది గడ్డిభూమి, కంటికి ఆనినంత మేర గడ్డి, అక్కడక్కడ తుమ్మ. బట్టమేక కనిపిస్తుందని మాత్రం పిల్లలకి ఆశపెట్టకండి. దేశం మొత్తం మీద ఆ పక్షి మిగిలిందే చాలా తక్కువ, ఎక్కువగా రాజస్థాన్‌లో. మన దగ్గర దాన్ని చూడటం గురించి మాట్లాడుకోవాల్సిన పరిస్థితే లేకుండా పోయింది. చుట్టూ పంటలు మారాయి, నీటి కాలవలొచ్చాయి, పశువులు మేసే బీళ్లు పోయాయి. ఆ పక్షి నేల మీద, అదీ ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, ఒక కుక్క చాలు అది పోవడానికి.

అయినా వెళ్లమనే చెబుతాను. జనవరి చాలా మంచి నెల. కృష్ణజింకలు గుంపులుగా కనిపిస్తాయి, మగవాటి మెలితిరిగిన కొమ్ములు కారులోంచే చూడొచ్చు, మీ అత్తయ్య దిగాల్సిన అవసరం కూడా లేదు. చలికాలంలో బయటి దేశాల నుంచి వచ్చే ఒక రకం గద్దలు పగలంతా పొలాల మీద తిరిగి పొద్దు గుంకే వేళకి ఈ గడ్డిలో దిగి నేల మీదే పడుకుంటాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, గడ్డి అంచుల్ని తాకుతున్నంత కిందుగా వచ్చి, రెక్కలు వీ ఆకారంలో పైకి పెట్టి తేలుతూ, ఉన్నట్టుండి మాయమైపోతాయి. ముందుగా అటవీశాఖ వాళ్లని అడిగి లోపలికి వెళ్లండి. బైనాక్యులర్ ఒకటి అరువు తెచ్చుకోండి. హారన్ కొట్టొద్దు, పిల్లలకి మెరిసే రంగు బట్టలు వద్దు. బాత్రూమ్‌లు, కొట్లు ఏమీ ఉండవనుకునే బయలుదేరండి.

జింకలు చేలో పడి పంట తినేస్తున్నాయని అక్కడి రైతులకి బాధ ఉంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే వినండి, కొట్టిపారేయకండి.

కూకట్‌పల్లి కోడలు

ఇంత ఓపికగా రాశారు, ఒక్కొక్కరికీ దండం. అత్తయ్యకి చదివి వినిపించాను, మహానంది నీళ్లలో కాళ్లు పెట్టుకోవచ్చు అన్న దగ్గర ఆవిడ "అయితే నేనూ వస్తా" అన్నారు. మా వారు మాత్రం గండికోట వదలనంటున్నారు. అది కూడా పెడితే మూడో రోజు మరీ బరువైపోదా? పిల్లలతో ఆ లోయ అంచు అంటే నాకు చాలా భయం.

పెన్నా పాయ

మాది జమ్మలమడుగు. భయపడటం సబబే, ఆ భయాన్ని పోగొట్టుకోవద్దు కూడా. లోయ అంచున చాలా చోట్ల అడ్డు ఏమీ ఉండదు, బండలు నున్నగా జారుతాయి, గాలి కొడుతుంది. సెల్ఫీ కోసం చివరి రాయి మీదికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మేము చదువుతూనే ఉంటాం. ఆరేళ్ల పాపని అక్కడ ఒక్క క్షణం చెయ్యి వదలకూడదు, ఎత్తుకున్నా సరే అంచుకి పదడుగుల ఇవతలే ఆగాలి.

కానీ గండికోట అంటే లోయ ఒక్కటే కాదండీ, వచ్చినవాళ్లలో చాలామంది కోటని దాటుకుంటూ నేరుగా లోయకి పరిగెత్తుతారు, నాకు అది బాధగా ఉంటుంది. కారు కోట లోపలి దాకా వెళ్తుంది. జుమ్మా మసీదు, దాని ముందు కోనేరు, పక్కనే ఎత్తైన కమాను కప్పుతో ధాన్యాగారం, కాస్త అవతల మాధవరాయస్వామి గుడి గోపురం, ఇవన్నీ దగ్గర దగ్గరే, నేల చాలావరకు చదును. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు ఇది. ధాన్యాగారం లోపల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, మీ బాబు పాట పాడితే కప్పు తిరిగి పాడుతుంది. అత్తయ్యని అక్కడ కూర్చోబెట్టి మీలో ఒకరు తోడుండండి, రెండోవారు బాబుని తీసుకుని రాళ్ల మీద లోయ చూసి రండి. ఎర్రమల కొండల్ని పెన్న రెండుగా కోసుకుని పోయిన చోటు అది, జనవరిలో మైలవరం జలాశయం నీళ్లు నిలిచి ఉంటే పచ్చగా కనిపిస్తుంది.

ఇక మీ రోజుల సంగతి. నంద్యాల నుంచి గండికోట వెళ్లి అదే రోజు హైదరాబాద్ చేరడం వద్దే వద్దు. గండికోట పెట్టాలనుకుంటే రోళ్లపాడు తీసేయండి, లేదా బెలుం చూశాక యాగంటికి వెనక్కి పోకుండా నేరుగా జమ్మలమడుగు వైపు వచ్చేయండి, పొద్దు గుంకేలోపు కోట చూసి రాత్రి అక్కడి టూరిజం హోటల్లో ఉండండి. దానికి రూమ్ ముందుగా బుక్ చేసుకోవాలి, శని ఆదివారాల్లో దొరకవు. నన్నడిగితే మీ పాపకి ఇంకో నాలుగేళ్లు వచ్చాక రావడమే మేలు.

కుందూ ఒడ్డు

పెన్నా పాయ గారి చివరి మాటే నాదీ. మీ వారికి గండికోట వేరే ప్రయాణంగా బాకీ పెట్టండి.

పట్టాల పక్కిల్లు

ఇంతమంది రాశారు కానీ రైలు ఎవరూ చెప్పలేదు. నంద్యాల నుంచి గుంటూరు వైపు వెళ్లే లైను గిద్దలూరు దాకా నల్లమల మధ్యలోంచి పోతుంది. గాజులపల్లె దాటాక చెలమ, దిగువమెట్ట, ఆ మధ్య అంతా అడవి, లోయలు, బొగద సొరంగం. 1880లలో మీటర్ గేజిగా వేసిన దారి అది, 1990లలో పట్టాలు వెడల్పు చేసినప్పుడు దారి కాస్త మార్చారు, పాత దొరబావి వంతెన వదిలేశారు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకి అడవి చూపించాలంటే ఇంతకన్నా సులువైన దారి ఇంకోటి లేదు, కిటికీ పక్కన కూర్చుంటే చాలు. పొద్దున వెళ్లే బండి ఏదో స్టేషన్‌లో కనుక్కుని మీరు, అత్తయ్య, పిల్లలు రైలెక్కండి, మీ వారు కారులో ఘాట్ రోడ్డు మీదుగా గిద్దలూరు వచ్చి మిమ్మల్ని దించుకుంటారు. తిరిగి రావడం అందరూ కారులో. ఆ రోడ్డులోనే పచ్చర్ల దగ్గర అటవీశాఖ వాళ్ల జంగిల్ క్యాంప్ ఉంది, వీలుంటే సఫారీ కూడా అడగండి. ఇది పులుల అభయారణ్యం ప్రాంతం, రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ కారు ఆపి పిల్లల్ని దింపకండి, కోతులకి తిండి వేయకండి.

ఎక్కేటప్పుడు అత్తయ్యకి ఒకరు కింద, ఒకరు పైన ఉండి చెయ్యందించాలి, బోగీ మెట్లు ఎత్తుగా ఉంటాయి. నంద్యాలలో బండి కాసేపు ఆగుతుంది కాబట్టి కంగారు అక్కర్లేదు, గిద్దలూరులో దిగేటప్పుడు మాత్రం స్టేషన్ రాకముందే తలుపు దగ్గరికి వచ్చి ఉండండి.

కూకట్‌పల్లి కోడలు

రైలు సంగతి వినగానే మా వారు గండికోట మాట ఎత్తడం మానేశారు. ఘాట్ రోడ్డులో ఒక్కడే డ్రైవ్ చేస్తానని సంబరపడుతున్నారు. అయితే మొదటి రోజు ఓర్వకల్లు, రెండో రోజు బెలుం, యాగంటి, మూడో రోజు పొద్దున మహానంది, తర్వాత రైలు, నాలుగో రోజు పొద్దున ఇంటికి, ఇంకో సెలవు అడుగుతున్నాను. రోళ్లపాడుకి తిరుగుదారిలో కుదురుతుందా? పొద్దున వెళ్తే ఆ గద్దలు ఉంటాయా?

గడ్డినేల

కుదురుతుంది. నంద్యాల నుంచి నందికొట్కూరు మీదుగా కర్నూలు చేరొచ్చు, కాస్త చుట్టు తిరుగుడు అంతే. సాయంత్రం దిగిన గద్దలు తెల్లారుతూనే లేచిపోతాయి కాబట్టి అవి కావాలంటే చీకటితో బయలుదేరాలి, పిల్లల్ని నిద్రలోనే కారులో వేసుకోండి. ఎనిమిదింటికి వెళ్లినా జింకలు ఉంటాయి. ఫ్లాస్కులో టీ, పిల్లలకి టిఫిన్ నంద్యాలలోనే కట్టించుకోండి, ఉగ్గాని బజ్జీ అయితే కారులో కూడా తినడానికి వీలుగా ఉంటుంది. పొట్లాల కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకోండి.

కుందూ ఒడ్డు

ఆ రోడ్డులో వడ్ల బండ్లు, ట్రాక్టర్లు లైట్లు లేకుండా వస్తుంటాయి, చీకటితో వెళ్తే నిదానంగా నడపమని మీ వారికి చెప్పండి. రూమ్ బుక్ చేసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ అడగండి, లిఫ్ట్ ఉందని చెప్పినా కరెంటు పోతే నడుస్తుందా అని కూడా అడిగి తెలుసుకోండి.